కుడిచెవి

మార్చి నెల. లూయిస్ దీవి. గొర్రెలు ఈనే రాత్రులు.
అప్పటికే రెండు పిల్లల్ని ఏదో కొరికి చంపింది.
మూడో రాత్రి పాకలో అలికిడి విని
నాన్న పీట్ మట్టి కోసే పార పట్టుకుని వెళ్లాడు.
లాంతరు తీసుకెళ్లలేదు.

తిరిగొచ్చేసరికి కోటు లోపల ఏదో మూలుగుతోంది.
అమ్మ బల్ల మీది రొట్టె పక్కకి జరిపి
తెరచాపలు కుట్టే దారంతో కుట్టింది.
కుట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.
ఎవరిదో పిల్లకుక్క. నల్లది, ఛాతీ మాత్రం తెలుపు.
చలికి ఓర్వలేక గొర్రెల మధ్య దూరి పడుకుంది, అంతే.
నానమ్మ దాని నోరు తెరిచి వాసన చూసింది.
పాల వాసన.
నాన్న చేతులు కడుక్కున్నాడు.
కాసేపాగి మళ్లీ కడుక్కున్నాడు.

వారం తిరిగేసరికి అది బతుకుతుందని తేలింది.
బతికేదానికి పేరు కావాలి.
మా ఇంట్లో పేర్లన్నీ ఒక్క పుస్తకంలోంచే వచ్చేవి,
మనిషికైనా, పడవకైనా, చివరికి ఆవుకైనా.
కుక్కకి మాత్రం వద్దంది కెనీనా నానమ్మ.
"పరిశుద్ధుల పేర్లు పేడలో పొర్లాలా?"
"పరిశుద్ధులు పొర్లని చోటేది?" అంది అమ్మ.
నానమ్మ కళ్లజోడు తుడుచుకుంది.
అంటే సరేనని.

గిద్యోను, అన్నాను నేను.
కుక్కల్లా నీళ్లు గతికిన మూడు వందల మందిని
ఏరుకున్నాడు కదా, కుక్కల విలువ తెలిసినవాడు.
పక్క గడపలో పాలవాడు గిద్యోను. కుదర్లేదు.
మెఫీబోషెతు, అన్నాడు తమ్ముడు ఐవర్,
తనని తాను చచ్చిన కుక్కననుకున్నాడు పాపం!
ఆ పేరు పిలవడం పూర్తయ్యేలోగా
మంద మొత్తం సముద్రంలో ఉంటుందంది అమ్మ.
ఉన్ని కొనడానికొచ్చిన దక్షిణపు దీవి కేథలిక్కు
తమ గ్రంథంలో ఒక కుక్కుందన్నాడు,
కుర్రాడితో, దేవదూతతో కలిసి దారంతా నడిచిందట.
"దాని పేరేమిటి?"
"పేరు రాయలేదు."
"చూశావా, వాళ్ల పుస్తకం అంతే," అంది నానమ్మ
అతనికి రెండోసారి టీ పోస్తూ.

కొండ మీద గాలికి చిరిగిపోని పేరు కావాలి,
రెండక్షరాలు చాలు, చివర్న నోరు గుండ్రంగా తిరగాలి.
ఐవర్ వేలు పెట్టి వెతికి వెతికి
"పేతురు?" అన్నాడు.
నాన్న అప్పటిదాకా పొయ్యి కెలుకుతున్నాడు.
"ఆ పేరు ఖాళీ లేదు," అన్నాడు.
మా వీధిలో పేతురు ఎవరూ లేరు.
మా నాన్న పేరు టార్క్విల్.

కాసేపు గాలి ఒక్కటే మాట్లాడింది.
కుక్కపిల్ల లేచి, తూలి, అతని బూటు మీదే కూర్చుంది.
అప్పుడు, మంటకేసి చూస్తూనే,
"మల్కు," అన్నాడు నాన్న.

నానమ్మ చేతిలో అల్లిక సూదులు ఆగాయి.
చర్చిలో పెద్ద అతను, ఆదివారం ఎవరు ఈల వేసినా మందలించేవాడు,
తప్పు ఒప్పుకోవడం మేమెన్నడూ వినలేదు.
అది కూడా విన్నామని చెప్పలేను.
ఒక పనివాడి పేరు విన్నాం, అంతే.
తోటలో, రాత్రిపూట, తొందరపడిన కత్తికి
కుడిచెవి పోగొట్టుకున్నవాడు.

"కానీ ఆ చెవి మళ్లీ బాగైందిగా!" అన్నాడు ఐవర్.
నాన్న జవాబివ్వలేదు.
పెద్దయ్యాక నేనే తిరగేసి చూశాను.
పేరు రాసినవాడు బాగైందని రాయలేదు.
బాగైందని రాసినవాడు పేరు రాయలేదు.

పద్నాలుగేళ్లు బతికింది మల్కు.
వాన ముందు ఆ చెవిమొదలు దురద పెట్టేది,
నాన్న బొటనవేలితో నెమ్మదిగా రాసేవాడు,
వాతావరణం కనుక్కుంటున్నట్టు.
కొండ మీద మాత్రం
ఎప్పుడూ దాని కుడివైపుకే వెళ్లి నిలబడి పిలిచేవాడు.
ఎందుకో అడగలేదు ఎవరం.
అది తల తిప్పి, మంచి చెవి నిక్కించి,
ఒక్క క్షణం ఆలోచించి
వచ్చేది.